క్వారీ గుంత చెట్టుకప్పల లెక్క

సోమవారం, మధ్యాహ్నం

మా గోపికకు,

అమ్మ దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను, మీ నాయన, మీ అవ్వ, ఇరవై రెండు మేకలు క్షేమం. నువ్వు హాస్టల్లో వేళకు తింటూ, వేళకు నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. క్షేమమని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదు కాబట్టి రాశాను గానీ, వారం రోజులుగా నా మనసు బాగాలేదు. ఎందుకో చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనివ్వు. లేకపోతే వాటికి కాగితం మిగలదు.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెబుతాను. శుక్రవారం ఒంగోలు సైన్సు ప్రదర్శనలో నువ్వు మన చెట్టుకప్పల లెక్క చదువుతావు గదా, ఈ ఉత్తరం అంతకు ముందే నీ చేతిలో పడాలి. పోస్టును నమ్మలేక, బుధవారం గిద్దలూరు వస్తున్న మీ నాయన చేతికిస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు గదా అంటావు. నీ వెనక పదిమంది పిల్లలు వరుసలో నిలబడి, పక్కన వార్డెన్ గడియారం చూస్తుంటే చెప్పే మాట కాదిది. నిన్న రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏందిమా, గొంతు అట్ల ఉంది?" అన్నావు. జలుబన్నాను. జలుబూ లేదు, పడిశమూ లేదు.

నల్లమేక ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండు పిల్లలు. ఒకటి అచ్చం తల్లే. రెండోది ఎవరి పోలికో తెలియదు, చెవులు రెండూ తెలుపు. మేత లేక తల్లికి పాలు చాలడం లేదు. తుమ్మకాయలు ఏరుకొచ్చి పెడుతున్నాను. మీ అవ్వ మోకాలు తగ్గలేదు. మోకాలు ఎలా ఉన్నా నోరు మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది, దిగులు పడకు. కంది చేను సంగతి రాయాలంటేనే బాధగా ఉంది. మొలక రెండాకులు వేసి అక్కడే ఆగిపోయింది. రోజూ మధ్యాహ్నానికి నల్లమల వైపు మబ్బు లేస్తుంది. మీ నాయన గట్టు మీద నిలబడి చూస్తాడు. సాయంత్రానికి ఆ మబ్బు ఎటో పోతుంది, ఆయన ఇంటికొచ్చి ఎవరి మీదో ఒకరి మీద అరుస్తాడు. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తోంది.

మూడో నంబరు కప్ప వీపు మీది గుర్తు ఎలా ఉందో మళ్లీ చూసి రాయమన్నావు. ఈ ఉదయం కూడా చూశాను. నడుమ సన్నంగా, రెండు వైపులా వెడల్పుగా, బుడబుక్కలవాడి డమరుకంలా ఉంది. రంగు మాత్రం రోజుకొకటి. ఎండ కాస్తే వెల్లవేసిన గోడలా పాలిపోతుంది, మబ్బు పడితే చింతగింజలా నల్లబడుతుంది. మొదట్లో రంగు మారినప్పుడల్లా కొత్త కప్ప అనుకుని లెక్క పెంచేసేదాన్ని, నువ్వు నవ్వేదానివి. రంగును నమ్మొద్దు, గుర్తునే నమ్ము అన్నావు. ఇప్పుడు గుర్తునే చూస్తున్నాను.

అది చెట్టుకప్పేనని మీ అమ్మ ఎలా తేల్చుకుంటుందని మీ అనురాధ మేడం అడిగిందని రాశావు. మేడంకి ఇలా చెప్పు. గోదురుకప్పకు ఒళ్లంతా పొక్కులుంటాయి, అది నేల విడవదు. బావుల్లో, కుంటల్లో ఉండే మామూలు కప్ప మనిషి అలికిడికి నీళ్లలో దూకుతుంది. చెట్టుకప్ప దూకదు. పలకరాయి పొరల సందులో కాళ్లూ చేతులూ ఒంటికిందికి లాక్కుని, కళ్లు మూసుకుని, రాయిలో రాయిగా అతుక్కుపోతుంది. వేళ్ల చివర కందిబద్దల్లాంటి గుండ్రటి బిళ్లలుంటాయి. అనుమానముంటే చేయి తడిచేసుకుని, వెనక కాలు మెల్లగా జరిపి తొడ వెనక చూడాలి. నల్లటి చర్మం మీద పసుపు చుక్కలుంటే అది చెట్టుకప్పే. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఇంతకంటే బాగా చెప్పలేదు.

ఇదంతా నువ్వు నేర్పిందే. ఎండాకాలం సెలవుల్లో, మేకలు నీడకు చేరే వేళకు నన్ను పాత పలకల క్వారీ గుంత అంచున కూర్చోబెట్టి, "అమ్మా, ఆ సందులో ఏముందో చూడు" అనేదానివి. నాకు రాయి తప్ప ఏమీ కనిపించేది కాదు. నాలుగో రోజునేమో, రాయి రెప్ప తెరిచింది. ఎన్నేళ్లుగా ఆ గుంత పక్కనే మేకలు మేపుతున్నాను, ఒక్కసారి కూడా చూడలేదే అని సిగ్గేసింది, సంతోషమూ వేసింది. తొమ్మిదింటిని పట్టి, వీపుల మీది గుర్తులు గీసి, నంబర్లిచ్చి, మళ్లీ వాటి సందుల్లోనే వదిలాం. ఐదు చిన్నవి, నాలుగు పెద్దవి. నువ్వు బడికి వెళ్తూ బొమ్మల కాగితం నా చేతిలో పెట్టి, ప్రతి సోమవారం ఎన్ని కనబడ్డాయో, గుంత అంచుల్లో తెల్ల నురుగు గూళ్లు ఎన్ని ఉన్నాయో రాసి పంపమన్నావు. వాన పడ్డాక ఆ నురుగులోనే గుడ్లు పెడతాయని, నాలుగైదు రోజులకు పిల్లలు నీళ్లలోకి జారతాయని చెప్పావు.

ఊళ్లో ఎంత నవ్వారో నీకు రాయలేదు. మన వీధి చివరి గంగమ్మ పెద్దమ్మ నేను మేకలతో వెళ్తుంటే, "ఏంది రమణీ, కప్పలకు హాజరు ఏసేదానికి పోతాండావా?" అనేది. ఇంకొకరు, మేకలకు మేత లేక మనం చస్తుంటే ఈమెకు కప్పల కాపలా అనేవారు. మీ అవ్వ సరేసరి. నవ్వి ఊరుకునేదాన్ని. లోపల మాత్రం మండేది. ఆ మంట గుర్తుపెట్టుకో, ఎందుకంటే జరిగినదానికి వానలేమి ఒక్కటే కారణమని చెబితే అది సగం నిజమే అవుతుంది.

జూలై అంతా చుక్క రాలలేదు. నెలాఖరున ఆడవాళ్లంతా కలిసి కప్పతల్లి ఆడాలని నిశ్చయించారు. నీకు తెలిసిందే, రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో కప్పను గుడ్డలో మూటకట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ బిందెడు నీళ్లు పోసి వాన రమ్మని మొక్కుతారు. నా చిన్నప్పుడు కప్పకేం కొదవ? ఏ బావిలో చేద వేసినా వచ్చేది. ఈసారి రోకలి సిద్ధం, మండలు సిద్ధం, పసుపూ కుంకుమా సిద్ధం, కప్ప లేదు. బావులన్నీ పూడిపోయాయి. కుంటలో నెర్రెలు తప్ప ఏమీ లేవు. ఎవరో ఒక గోదురుకప్పను పట్టుకొస్తే మీ అవ్వ ఛీ కొట్టింది.

"ఆ పొక్కులదాన్ని కట్టుకుంటే వాన కాదు, గజ్జి వచ్చాది" అంది. అందరి ముందూ నా వైపు తిరిగి, "ఏమే, నీ కూతురు కప్పలకు నెంబర్లేసి పోయినాది గదా? ఊరికి ఒక్కటన్నా పనికొస్తాదా, లేకుంటే అవన్నీ కాగితం కప్పలేనా?" అంది.

అందరూ నవ్వారు. గంగమ్మ పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె పత్తి మొత్తం మాడిపోయింది. నా చేయి పట్టుకుని, "రమణీ, నీకు తెలిస్తే తీసుకరామ్మా, నీ కాళ్లు మొక్కుతా" అంది.

నేను వెళ్లాను. పావుగంటలో తెచ్చాను. నలభైమంది ఆడవాళ్లు వారం తిరిగినా దొరకనిదాన్ని, మిట్టమధ్యాహ్నం, చేయి సందులో పెట్టి తీసుకొచ్చాను. వాళ్ల ముఖాలు చూడాల్సింది గోపికా. హాజరు వేసే రమణి దగ్గరికి వచ్చి అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఆ ఒక్క క్షణం నాకెంత గొప్పగా అనిపించిందో దాచను. ఇంటికొక బిందె నీళ్లు పడతాయి గదా, సాయంత్రం తెచ్చి దాని సందులో వదిలేద్దామనుకున్నాను. రోకలి మీద బాగా కనబడాలని పెద్దదాన్నే ఎంచాను. నాలుగో నంబరును.

దానికి ఒళ్లంతా పసుపు పూశారు. చెట్టుకప్ప చర్మానికి ఏది తగిలినా లోపలికి ఇంకిపోతుందని, పట్టుకునే ముందు సబ్బు చేయి కూడా కడుక్కోవాలని నువ్వు చెప్పింది నాకు గుర్తుంది. గుర్తుండీ నోరు తెరవలేదు. అంత భక్తిగా పూస్తుంటే వద్దని ఎలా అనాలి? నీళ్లా, నీళ్లెక్కడివి? బిందెలు పోసే రోజులు పోయాయి. ఇంటికొక గ్లాసు, కొన్ని ఇళ్లలో చేతితో చిలకరింపు. ఎండలో నాలుగు వీధులు తిరిగారు. మూట విప్పేసరికి అది బిగుసుకుపోయి ఉంది. అమ్మవారిలో కలిసిపోయిందని మీ అవ్వ అంది. నేను తీసుకెళ్లి గుంత అంచున పూడ్చాను.

మూడో రోజు వాన పడింది. అరగంట, మన ఊరి మీద మాత్రమే. పక్క పల్లెలో దుమ్ము కూడా తడవలేదు. ఇంకేముంది, మన కప్ప మంచిదని, ఆ రకం కప్పే కావాలని మాట పాకింది. రెండు పల్లెలవాళ్లు వచ్చారు. అప్పటికే చేతిలో ఒకటి చచ్చింది, అయినా ఇచ్చాను. చిన్నపిల్లలను చంకనేసుకుని అంత దూరం నడిచొచ్చిన ఆడవాళ్లను లేదని ఎలా పంపను? అదొక కారణం. రమణమ్మా రమణమ్మా అని వాళ్లు పిలుస్తుంటే బాగుండటం ఇంకో కారణం. ఏడో నంబరు, తొమ్మిదో నంబరు. రెండూ పెద్దవే. తిరిగి తెచ్చి వదులుతామన్నారు. తేలేదు, అవీ చచ్చాయని తర్వాత విన్నాను.

ఆ తర్వాతి సోమవారమే నీకు ఉత్తరం రాశాను. అందులో వాన పడిందని, తొమ్మిదీ కనబడ్డాయని, నురుగు గూళ్లు నాలుగని రాశాను గదా.

అది అబద్ధం.

ఆ రోజు గుంత చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒక్క గూడు లేదు. ఆరు కప్పలే ఉన్నాయి. కాగితం మీద ఆరు, సున్నా అని రాసి, నీ ముఖం తలుచుకుని, చించేశాను. గూళ్లు రేపో మాపో వస్తాయిలే, అప్పుడు సరిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగే ఎందుకు రాశానో నాకే తెలియదు. చూడగానే నమ్మేలా ఉంటుందనిపించింది.

మొన్న నీ జవాబు వచ్చింది. పెద్దవన్నీ ఆడవేనట, చిన్నవన్నీ మగవట, మేడం చెప్పిందట. "నాలుగు ఆడవి, నాలుగు గూళ్లు! ఎంత కరెక్టుగా సరిపోయిందో చూడమ్మా. నీ లెక్క చూసే నన్ను ఒంగోలుకు ఎంపిక చేశారు" అని రాశావు. కింద గీత కూడా గీశావు. ఆ ఉత్తరం మీ నాయన గట్టిగా చదువుతుంటే నేను పొయ్యి దగ్గర కూర్చుని ఊదుతూనే ఉన్నాను. పొయ్యిలో నిప్పే లేదు. ఆయన చూసుకోలేదు.

నేను ఇచ్చింది మూడు కప్పలను కాదు, మూడు తల్లులను. రోకలి మీద బాగుంటాయని ఏరి ఏరి ఇచ్చాను. ఇప్పుడు మబ్బు పట్టిన సాయంత్రాల్లో ఆ ఐదు మగవీ గుంతలో టక్ టక్ మంటూ పిలుస్తున్నాయి. నువ్వున్నప్పుడు ఆ చప్పుడు వింటే మనిద్దరం మాటలాపి లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు వినలేక మేకలను తొందరగా మళ్లించుకొస్తున్నాను.

ఇంకొకటి మిగిలింది. రెండో నంబరు. ఈ ఉదయం పెద్దారవీడు వైపు నుంచి పాపయ్య మామ ఏడెనిమిదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చేలు నువ్వు చూశావు, రెండేళ్లుగా పంట లేదు. వాళ్లను ఇంటి దగ్గర కూర్చోమని చెప్పి గుంతకు వెళ్లాను. ఇద్దామనే వెళ్లాను గోపికా, నీ ఉత్తరం చదివాక కూడా. సందులో చేయి పెట్టి దాన్ని తీశాను. పొట్ట నిండుగా ఉంది, పలుచటి చర్మం కింద గుడ్లు తెల్లగా కనబడుతున్నాయి. నా అరచేతిలో అలాగే కూర్చుంది. పారిపోదామని కూడా చూడలేదు. నేల మీద కూలబడి ఏడ్చాను. తర్వాత దాన్ని వదిలేసి వచ్చాను.

దారిలో దొరకలేదని చెబుదామనుకున్నాను. ఎంత సులువు! అందరూ నమ్ముతారు. కానీ ఆ మాట నోట్లో పెట్టుకోగానే నా నాలుగు గూళ్లు గుర్తొచ్చాయి.

"ఉంది మామా. ఒకటే ఉంది. నేను ఇయ్యను" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "కప్పే గదమ్మా. మేమేమన్నా కోసుకొని తింటామా? వానకు మొక్కుకునేదానికి" అన్నాడు.

"మొన్న ఇచ్చినవి మూడూ సచ్చిపోయినాయి మామా. ఇది కూడా పోతే ఆ గుంతలో ఇంక పుట్టేదానికి ఏం లేదు."

ఒకామె లేచి దుమ్మెత్తి పోసింది. వాన రాకపోతే మా పిల్లల ఉసురు నీకే తగులుతుందంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. పాపయ్య మామ ఆమెను ఆపి, కండువా భుజాన వేసుకుని, "మీ ఊరికి పడినాది గదమ్మా, నువ్వెందుకు ఇస్తావులే" అన్నాడు. తిట్టినా బాగుండేది. మీ అవ్వ అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. గంగమ్మ పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. వాన దానివల్ల పడిందో లేదో నాకు తెలియదు. పడలేదని వాళ్ల ముఖాన చెప్పే ధైర్యమూ నాకు లేదు. రేపు వాళ్ల చేలు ఎండితే నేను తలెత్తుకుని ఆ దారిన నడవలేను, అదీ నిజమే.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు బాధపడతావు. కోపం కూడా వస్తుంది, రావాలి. నాలుగు ఆడవి, నాలుగు గూళ్లు అని మేడంతో చెప్పినందుకు సిగ్గుపడతావు. ఆ సిగ్గు నీది కాదు, నాది. ఎంపిక రద్దు చేస్తారేమోనని నాకు భయంగానే ఉంది. ఈ ఉత్తరం రాయకపోతే శుక్రవారం నువ్వు చక్కగా చదివి, బహుమతి తెచ్చుకుని, నవ్వుతూ ఫోన్ చేస్తావని కూడా తెలుసు. ఎవరికీ తెలిసేది కాదు. ఈ ఉదయం దాకా అదే మేలనుకున్నాను. కానీ నువ్వు అంతమంది ముందు నిలబడి, నన్ను నమ్మి, లేని గూళ్లను ఉన్నాయని చెబుతుంటే నేనిక్కడ అన్నమెలా తినను?

ఈ సోమవారం అసలు లెక్క ఇది. చిన్నవి ఐదు, ఐదూ కనబడ్డాయి. పెద్దది ఒకటి, రెండో నంబరు. నురుగు గూళ్లు లేవు. గుంతలో నీళ్లు మోకాలి లోతు. చూసింది రమణి, ఉదయం పదిన్నరకు. దీన్ని చించలేదు, మార్చలేదు.

పాత కాగితం తీసేసి ఇది అతికించు. మిగిలిన మూడు ఏమయ్యాయని ఎవరైనా అడిగితే కాకి తిన్నదనో, పాము మింగిందనో చెప్పొద్దు. మా అమ్మ పట్టిచ్చింది అని చెప్పు. ఎందుకు అంటే, వాన కోసం అని చెప్పు. నా మీద జాలితో అక్కడితో ఆపేయొద్దు, నలుగురిలో గొప్ప కోసం కూడా అని చెప్పు. పేరు అడిగితే పేరు చెప్పు.

ఇట్లు,
నీ చేత అబద్ధం చదివించబోయిన మీ అమ్మ,
రమణి